కలువాకులో సొరంగం

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది కలువాకు. మా డాబా మీద సిమెంటు తొట్టెలోంచి ఈ ఉదయమే కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. దీన్ని లైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటాను. ముందు వరుసలో పిల్లలు కాస్త దగ్గరకు రండి. అంచు దగ్గర మొదలై ఈనె వైపు వంకరటింకరగా పోయిన గోధుమరంగు చార కనిపిస్తోందా? మిగతా ఆకంతా పచ్చగా, దళసరిగా ఉంది. చార ఉన్నచోట మాత్రం పలచబడి వెలుతురు ఇవతలికి వస్తోంది. ఆ చార కొసన బియ్యపుగింజ పొడవైనా లేని లార్వా ఒకటి మెల్లగా మెదులుతోంది. ఆకు పైపొరకూ కింది పొరకూ మధ్య ఉన్న మెత్తని భాగాన్ని తింటూ ముందుకు పోయింది. తినగా మిగిలిందే ఈ సొరంగం.

ఇది కైరోనమిడ్ కుటుంబానికి చెందిన కీటకం. రెక్కలొచ్చాక అచ్చం దోమలాగే ఉంటుంది, కానీ కుట్టదు. కుట్టేందుకు దోమకున్న పొడవాటి తొండం దీనికి లేదు. గోడ మీద వాలినప్పుడు దోమ వెనకకాళ్లు పైకెత్తుతుంది, ఇది ముందుకాళ్లు ఎత్తుతుంది. చెరువు పక్కన ఉండే కాలనీల్లో సాయంత్రం లైట్ల చుట్టూ ఇవి ముసిరితే అందరూ దోమలనుకుని పొగ కొట్టమంటారు. మా వీధిలోనూ అంతే. రెక్కలొచ్చాక నాలుగు రోజులు బతికి పోయే ప్రాణుల మీద ఆ విషపు పొగ ఎందుకని నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఈ కుటుంబంలో చాలా జాతుల లార్వాలు నీటి అడుగున బురదలో పెరుగుతాయి. అక్వేరియం చేపలకు మేతగా వేసే ఎర్రపురుగులు మీరు చూసే ఉంటారు, అవి ఇవే. బురదలో ఆక్సిజన్ తక్కువ. దాన్ని పట్టి ఉంచుకోవడానికి వీటి ఒంట్లో మన రక్తంలో ఉన్నలాంటి హిమోగ్లోబిన్ ఉంటుంది. ఆ ఎరుపు దానిదే.

కొన్ని జాతులు బురద వదిలి ఆకును ఎంచుకున్నాయి. వాటిలో స్టెనోకైరోనమస్ అనే ప్రజాతి లార్వాల తల ఉలిలా చదునుగా ఉంటుంది, రెండు పొరల మధ్య దూరడానికి అంతకంటే ఏం కావాలి? ఈ ప్రజాతిలోనే ఒక జాతి చైనా, జపాన్ దేశాల్లో తామరాకులను తొలుస్తుంది. నీటి మీద పరుచుకున్న ఆకుల జోలికే పోతుంది, కాడ మీద పైకి లేచి నిలబడిన ఆకులను ముట్టదు. నీటిబొట్టును నిలవనివ్వని ఆకుగా తామరాకును మనం ఎన్ని సామెతల్లో తలుచుకుంటాం! ఆ ఆకులోకి ఈ పురుగు నీటిని ఆనుకున్న అడుగువైపు నుంచి దూరుతుంది.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది ఇదే కుటుంబంలోని గ్లిప్టోటెండిపెస్ అనే మరో ప్రజాతి. దీనికి సొరంగం ఇల్లు మాత్రమే, తిండి బయటి నీటి నుంచి వస్తుంది. సొరంగానికి అడ్డంగా పట్టుదారంతో వల అల్లుతుంది. ఒళ్లు అలలా ఊపుతూ నీటిని లోపలికి లాగుతుంది. ఆ నీటిలోని సన్నని నాచు కణాలు వలకు అంటుకుంటాయి. అప్పుడు వలతో సహా అన్నీ మింగేసి, మళ్లీ కొత్త వల మొదలుపెడుతుంది.

మొక్కకు నష్టం లేదా అంటే, ఉంది. మన చెరువుల్లో సహజంగా పెరిగే హైడ్రిల్లా అనే నీటిమొక్క అమెరికాలో జలమార్గాలను పూడ్చేసే పెద్ద బెడద. 1992లో ఫ్లోరిడాలోని క్రిస్టల్ నదిలో క్రికోటోపస్ లెబెటిస్ అనే కైరోనమిడ్ ఆ మొక్క చిగుళ్లను తొలిచేస్తూ కనిపించింది. చిగురు పోతే కొమ్మ పైకి ఎదగలేదు. అందుకే అక్కడి శాస్త్రజ్ఞులు హైడ్రిల్లాను అదుపు చేయడానికి ఈ పురుగు పనికొస్తుందా అని పరిశీలించారు.

ఈసారి అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ సరస్సుకు వెళ్లినప్పుడు, దోనెలో కూర్చుని పక్కన తేలే ఒక ఆకును తెంపకుండా మెల్లగా తిప్పి చూడండి. పక్షుల కోసం తెచ్చుకున్న బైనాక్యులర్స్‌తో పాటు ఒక భూతద్దం కూడా జేబులో ఉండనివ్వండి.

ఇప్పుడు ఈ ఆకును ఆ బల్ల మీది నీళ్ల పళ్లెంలో పెడుతున్నాను. పురుగు ఇంకా కదులుతూనే ఉంది. తొందరలేదు, ఒక్కొక్కరే వచ్చి చూడండి. రాత్రికి దీన్ని మళ్లీ మా తొట్టెలోనే వదులుతాను.