ఒకే విజేత, రెండు తీర్పులు: జర్మనీ, జపాన్‌లపై అమెరికా ఆక్రమణ పాలన

సభకు నమస్కారం.

జర్మనీ 1945 మేలో లొంగిపోయింది, జపాన్ ఆగస్టులో. రెండు దేశాల్లోనూ సైన్యాన్ని రద్దు చేశారు, నాయకులను బోనెక్కించారు. అయినా లెక్కలు ఒకేలా తేలలేదు. జాతి వివక్షే కారణమని చాలామంది అంటారు. యుద్ధకాలానికి ఆ మాట చెల్లుతుంది. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వుతో పడమటి తీరంలోని దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. జర్మన్ సంతతివారి విషయంలో మాత్రం మనిషిని బట్టి అనుమానించి పట్టుకున్నారే తప్ప ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించలేదు.

లొంగుబాటు తర్వాతి తేడాకు ఆ కారణం సరిపోదు. ఎవరి చేతుల మీదుగా పాలించారన్నదే అక్కడ అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

జర్మనీలో పాలించడానికి ప్రభుత్వమే మిగల్లేదు. 1945 జూన్ 5న అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నాలుగూ సర్వాధికారాలూ తమవేనని ప్రకటించి దేశాన్ని మండలాలుగా పంచుకున్నాయి. అమెరికా తన మండలంలో నాజీలను ఏరివేయడానికి పూనుకుంది. మొదట పదవుల్లో ఉన్నవారి చేత 131 ప్రశ్నల ఫారం నింపించారు. 1946 మార్చి చట్టం వచ్చాక పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ వివరాలు రాసివ్వాల్సి వచ్చింది. స్థానిక జర్మన్లతోనే ఏర్పాటైన ట్రిబ్యునళ్లు మనుషులను ఐదు తరగతులుగా విడదీశాయి: ప్రధాన దోషులు, దోషులు, చిన్న దోషులు, వెంటనడిచినవారు, నిర్దోషులు.

ఆ పద్ధతి ఎక్కడ దెబ్బతిన్నదో చూడాలి. ఫారాలు కోటికి పైగా వచ్చిపడ్డాయి. తేలిక కేసులు ముందు చేపట్టారు, బరువైనవి వెనకబడ్డాయి. పొరుగువారు, పాదిరీలు మంచివాడని రాసిచ్చిన ధ్రువపత్రాలు చాలామందిని గట్టెక్కించాయి. వాటికి జర్మన్లు ఒక బట్టల సబ్బు పేరే పెట్టుకున్నారు. 1948 నాటికి సోవియట్‌తో వైరం ముదిరింది, పని త్వరగా ముగించమని అమెరికాయే తొందరపెట్టింది. దాంతో చివర్లో వచ్చిన పెద్దవాళ్లు, మొదట్లో దొరికిన చిన్నవాళ్లకన్నా తేలిగ్గా బయటపడ్డారు.

జపాన్‌లో పార్లమెంటు, మంత్రివర్గం, ఉద్యోగ యంత్రాంగం అన్నీ నిలిచే ఉన్నాయి. ఆక్రమణ పాలనకు అధిపతి అయిన అమెరికా జనరల్ మెకార్థర్ ఆదేశాలిస్తే అమలు చేసింది వాళ్లే. 1946 జనవరి 4 ఆదేశంతో రెండు లక్షలకు పైగా జనాన్ని పదవులకు అనర్హులను చేశారు. వారిలో అత్యధికులు సైనికాధికారులు. సివిల్ ఉద్యోగులు రెండు వేల లోపే. పాలన నడిపే చేతులను విరగ్గొట్టుకోలేదన్నమాట.

చక్రవర్తి విషయంలోనూ ఇదే లెక్క. 1946 జనవరి 25న మెకార్థర్ వాషింగ్టన్‌కు తంతి పంపాడు: చక్రవర్తిని విచారిస్తే అల్లకల్లోలమవుతుంది, పది లక్షల సైన్యం కావాల్సి రావచ్చు. విచారణ జరగలేదు. జపాన్ నాయకులను విచారించిన టోక్యో కోర్టులో 1947 డిసెంబరు 31న యుద్ధకాలపు ప్రధాని టోజో, చక్రవర్తి ఇష్టానికి విరుద్ధంగా ఏ జపనీయుడూ నడవడని నోరుజారాడు. అంటే యుద్ధమూ చక్రవర్తి ఇష్టంతోనే జరిగిందన్న అర్థం వస్తుంది, అది ప్రమాదకరం. వారం తిరక్కముందే, జనవరి 6న, ఆ మాటను అతని చేతే సవరింపజేశారు.

నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్‌లో నాలుగు దేశాల న్యాయమూర్తులు, టోక్యోలో పదకొండు దేశాలవారు. అక్కడ ముగ్గురు నిర్దోషులుగా బయటికొచ్చారు, ఇక్కడ తీర్పు దాకా మిగిలిన 25 మందిలో ఒక్కరూ లేరు. అందరూ నిర్దోషులేనన్నది మన దేశ న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ ఒక్కరే. దారుణాలు జరగలేదని ఆయన అనలేదు. యుద్ధం జరిగాక చేసిన చట్టంతో దురాక్రమణను నేరమనడాన్ని, కుట్ర అభియోగాన్ని ఒప్పుకోలేదు. ఆయన్ని జపాన్ దోషం కడిగేసిన న్యాయమూర్తిగా చూపడం తప్పు.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది వైద్యుల సంగతి. ఖైదీలపై ప్రయోగాలు చేసినందుకు న్యూరెంబర్గ్‌లోనే అమెరికా విడిగా 23 మందిని విచారించి, ఏడుగురిని ఉరితీసింది. ఈశాన్య చైనాలోని మంచూరియాలో మనుషులపై క్రిములు ప్రయోగించిన జపాన్ సైన్యపు 731వ దళం అధిపతి ఇషీ షిరోకు మాత్రం ప్రయోగ ఫలితాలు ఇచ్చినందుకు రక్షణ కల్పించింది. 1949 డిసెంబరులో సోవియట్ యూనియన్ ఖబరోవ్‌స్క్‌లో 12 మంది జపనీయులను ఈ నేరాలకే విచారిస్తే అమెరికా దాన్ని ప్రచారమని కొట్టిపారేసింది. ఇషీ ఏ కోర్టు ముందూ నిలబడకుండానే 1959లో టోక్యోలో చనిపోయాడు.