రిపోర్టులో "ఓమా" అని ఉంటే క్యాన్సరేనా?

నమస్కారమండీ. ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, అదే బయాప్సీ అంటారే, దాని రిపోర్టు రాసే డాక్టర్ని నేను. బెజవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ, ల్యాబు నుంచి బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే డాక్టరు గారి దాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. మెట్ల మీదే కవరు చించి, చివర్లో ఉన్న జబ్బు పేరు చూసి ఫోనులో వెతికేస్తారు. భయం అక్కడే మొదలవుతుంది. ఈ పది నిమిషాలూ ఆ పేరు గురించే మాట్లాడతాను.

తెనాలి దగ్గర పల్లె నుంచి ఒకావిడ, కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నెలనెలా రక్తస్రావం ఎక్కువై, మనిషి పాలిపోయి, చివరికి గర్భసంచి తీసేశారు. రిపోర్టులో లియోమయోమా అని ఉంది. "ఓమా అని వస్తే క్యాన్సరే"నని తెలిసినవాళ్లెవరో చెప్పారట. ఆవిడ అన్నం మానేశారు. ఆ అమ్మాయి గుమ్మంలోనే అడిగింది, "సార్, మా అమ్మకి కీమో ఎప్పట్నుంచి పెట్టించాలి?" అని.

కూర్చోమని, ఆ పేరును ముక్కలు చేసి చూపించాను. లియోమయో అంటే గర్భసంచి గోడలో ఉండేలాంటి నునుపు కండరం, ఓమా అంటే గడ్డ. అంతే, కండరపు గడ్డ. మనందరం ఫైబ్రాయిడ్ అంటామే, అదే ఇది. కోసి చూస్తే తెల్లగా, గట్టిగా, దారపు ఉండ చుట్టినట్టు సుడులు సుడులుగా ఉంటుంది, చుట్టూ హద్దు స్పష్టంగా తెలుస్తుంది. ఉన్నచోటే పెరుగుతుంది, పక్కవాటిని నెడుతుంది, అంతేగానీ లోపలికి చొరబడదు, రక్తంలో పడి ఊపిరితిత్తులకు పోదు. అదే కండరంలో పుట్టే క్యాన్సరైతే పేరు లియోమయోసార్కోమా అని ఉండేది. మధ్యలో "సార్కో" చేరిందా లేదా, చూడాల్సింది అది. ఆ మాట రాసేముందు మేం మైక్రోస్కోపు కింద కణాల రూపు చెడిందా, ఎన్ని కణాలు ఒకటి రెండుగా చీలి పెరుగుతున్నాయి, గడ్డలో చచ్చిపోయిన భాగాలున్నాయా అని చూస్తాం. ఆవిడ గడ్డ ముక్క పెట్టిన గాజు స్లైడులో అవేవీ లేవు. కీమో అక్కర్లేదమ్మా అంటే, కూతురు వెంటనే "ఇంకోసారి చెప్పండి సార్" అంది. ఇంకోసారి చెప్పాను.

మిగతా పేర్లూ చాలావరకు ఇదే పద్ధతి. కొవ్వు గడ్డ లైపోమా, కొవ్వులో క్యాన్సర్ లైపోసార్కోమా. ఎముకది ఆస్టియోమా, క్యాన్సరైతే ఆస్టియోసార్కోమా. చర్మం, నోటి లోపలి పొర, గ్రంథులు, వీటిలో వచ్చే క్యాన్సర్‌ని కార్సినోమా అంటాం. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ల బుగ్గ లోపల వచ్చేది ఎక్కువగా ఇదే, దయచేసి మానేయండి.

అయితే కొన్ని పేర్లు మోసం చేస్తాయి. చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే మెలనోమా, లింఫు గ్రంథుల్లో వచ్చే లింఫోమా, ఎముక మజ్జలో వచ్చే మయలోమా, ఈ మూడూ వినడానికి మామూలు గడ్డల్లాగే ఉంటాయి గానీ మూడూ క్యాన్సర్లే. "ఓమానే కదా, ఏం కాదులే" అని వదిలేస్తే ప్రమాదం. ఇటు గ్రాన్యులోమా అసలు ట్యూమరే కాదు, ఒంట్లో రక్షణ కణాలు ఒకచోట గుంపు కట్టడం. మెడ గడ్డల్లో అది కనిపిస్తే మన దగ్గర ముందు టీబీయేమోనని చూస్తాం, టీబీ అని తేలితే మందులతో తగ్గుతుంది. ఇంకొకటి, క్యాన్సర్ కాని గడ్డ ఎప్పుడూ హాని చెయ్యదనీ అనుకోకండి. మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా చాలాసార్లు క్యాన్సర్ కాదు, అయినా పుర్రెలో జాగా ఎక్కడుంటుంది, పెరిగితే మెదడును నొక్కుతుంది.

కాబట్టి పేరు మీరు చదువుకోండి, తప్పులేదు, తీర్పు మాత్రం డాక్టరు గారిని అడగండి.

ఈ రోజు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే. తీసిన గడ్డ ల్యాబుకు వెళ్లాలి. వీపు మీద చిన్న కొవ్వు గడ్డ, అక్కడి వరకే మత్తిచ్చి తీసేశారు, దీనికి మళ్లీ టెస్టు ఖర్చెందుకని బుట్టలో పారేయించేవాళ్లున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. చేత్తో పట్టి చూసి ఇది ఏ గడ్డో నూటికి నూరు పాళ్లు ఎవరూ చెప్పలేరు, పారేశాక ఇక ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్‌కు ముందే అడగండి, "ముక్క బయాప్సీకి పంపిస్తారా?" అని. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో బయాప్సీ మానుకోకండి, పద్ధతిగా చేస్తే అలా జరగడం చాలా అరుదు, ఆలస్యం చేస్తేనే అసలు నష్టం. ముక్కను సీసాలో, అది చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారు, ముక్కకు పదింతలు ద్రవం ఉండాలి, ఉత్త నీళ్లలోనో సెలైన్‌లోనో వేసి రేపు పంపిద్దాంలే అంటే కణాలు పాడైపోతాయి.

రిపోర్టు మీద అనుమానముంటే వేరేచోట చూపించుకోవడానికి స్లైడులు, ముక్కను పొదిగిన మైనపు బ్లాకులు ల్యాబును అడిగి తీసుకోండి, అడగడంలో మొహమాటం వద్దు. తీసుకున్నాక నీడపట్టున ఉంచండి. మే నెల బెజవాడ ఎండలో కారులో వదిలేశారంటే ఆ మైనం మెత్తబడుతుంది.