సైంధవుడు అసలు బయటికి ఎందుకొచ్చాడు?

అందరికీ నమస్కారం. ఈరోజు మన వీడియో బి.ఆర్. చోప్రా మహాభారత్‌లో సైంధవ వధ గురించి. 1988 అక్టోబర్ నుంచి 1990 జూన్ దాకా ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చింది, మొత్తం 94 ఎపిసోడ్లు. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే హిందీ సరిగ్గా రానివాళ్లు కూడా టీవీ ముందు నుంచి కదల్లేదు, ఎందుకంటే కథ మనకు కంఠతా వచ్చు కదా.

కంఠతా వచ్చినా ఒకటి మాత్రం నాకు మింగుడు పడదు. పదమూడో రోజు యుద్ధంలో అర్జునుణ్ణి సంశప్తకులు, అంటే చంపడమో చావడమో అని ఒట్టేసుకున్న యోధులు, పక్కకు లాక్కుపోయారు, పదహారేళ్ల అభిమన్యుడు పద్మవ్యూహంలోకి దూరాడు, వెనకాలే రాబోయిన భీముణ్ణీ మిగతావాళ్లనీ సైంధవుడు, అంటే సింధుదేశపు రాజు జయద్రథుడు, ద్వారం దగ్గరే ఆపేశాడు. ఆపాడు, అంతే. చంపింది ఎవరు? భారతంలో చూస్తే కర్ణుడు విల్లు విరగ్గొట్టాడు, కృతవర్మ గుర్రాల్ని చంపాడు, కత్తి తీస్తే ద్రోణుడు దాన్నీ విరగ్గొట్టాడు, చివరికి దుశ్శాసనుడి కొడుకు గదతో తల మీద కొట్టాడు. మరి అర్జునుడి శపథం ఎవరి మీద? సైంధవుడి మీద! రేపు సూర్యాస్తమయంలోపు వాణ్ణి చంపకపోతే అగ్గిలో దూకేస్తానంటాడు.

నేననేదేంటంటే, అర్జునుడి కోపం తనకు విల్లు పట్టడం నేర్పిన ద్రోణుడి మీదికి పోలేక పక్కకు తిరిగింది. గురువుని చంపుతానని నోరారా అనలేడు. సైంధవుడి మీదైతే పాత పగ ఎలాగూ ఉంది, అరణ్యవాసంలో ద్రౌపదిని ఎత్తుకుపోబోయాడు, అప్పుడే చంపాల్సింది, చెల్లెలు దుస్సల మొగుడు కదా అని ధర్మరాజు వదిలేయమంటే భీముడు తలకి ఐదు పిలకలు పెట్టి పంపాడు. ఆ అవమానంతోనే వాడు శివుడి కోసం తపస్సు చేశాడు, అర్జునుడు తప్ప మిగతా పాండవుల్ని ఒక్కరోజు ఆపగలిగే వరం తెచ్చుకున్నాడు. అంటే ద్వారం దగ్గర నిలబడ్డవాడికీ సొంత లెక్క ఒకటుంది, వాడేమీ దుర్యోధనుడి కోసం నిలబడలేదు.

శపథం వ్యూహపరంగా చూస్తే శుద్ధ తెలివితక్కువ పని. కౌరవులు ఇప్పుడు అర్జునుణ్ణి గెలవక్కర్లేదు, ఒక మనిషిని సాయంత్రం దాకా దాచిపెడితే చాలు, అర్జునుడు తనంతట తానే చస్తాడు, యుద్ధం అక్కడితో అయిపోతుంది. నన్నడగకుండా ఇలాంటి మాట ఎందుకన్నావని కృష్ణుడే చీవాట్లు పెడతాడు. అవతల సైంధవుడి పరిస్థితి ఇంకా దారుణం, గూఢచారులు వార్త తేగానే నేను ఇంటికి పోతానంటాడు! దుర్యోధనుడూ ద్రోణుడూ ధైర్యం చెప్పి ఆపారు.

ఇక ఆ సీన్‌కి వద్దాం. కృష్ణుడు సూర్యుడికి చక్రం అడ్డం పెట్టాడు, చీకటి పడింది, చితి సిద్ధమైంది. అందరం ఇక్కడ కృష్ణుడి మాయ గురించే మాట్లాడుకుంటాం. ఆ గ్రాఫిక్స్ ఈరోజు చూస్తే నవ్వొస్తుంది, నిజమే, కానీ మీరు ఆకాశం వైపు కాదు, సైంధవుడి వైపు చూడండి. పొద్దుటి నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాక్కున్నవాడు, ఇంకో పది నిమిషాలు అక్కడే కూర్చుంటే సూర్యుడు నిజంగానే దిగిపోయేవాడేమో. కూర్చోలేకపోయాడు. అర్జునుడు కాలిపోవడం కళ్లారా చూడాలి వాడికి, ఆ ఐదు పిలకలకి బదులు అప్పుడు తీరుతుంది. మాయ చీకటి వరకే చేసింది, వాణ్ణి బయటికి లాక్కొచ్చింది మాత్రం వాడి పగే. సూర్యుడు కనిపించగానే ఆ మొహంలో నవ్వు ఎలా ఆగిపోతుందో చూడండి, నాకు బాణం కంటే అదే గుర్తుంటుంది.

తల తెగాక కూడా ఇంకో మెలిక ఉంది. కొడుకు తల నేల మీద పడేసినవాడి తల నూరు ముక్కలవుతుందని తండ్రి వృద్ధక్షత్రుడి మాట. అందుకని బాణాలతో ఆ తలని సంధ్యవార్చుకుంటున్న తండ్రి ఒళ్లోకే చేరుస్తాడు అర్జునుడు, ఆయన ఉలిక్కిపడి లేచాడు, తల కింద పడింది, ఆయనా పోయాడు. ఆ ముసలాయన అభిమన్యుడికి ఏం చేశాడని?

దుస్సల సంగతైతే ఎవరికీ పట్టదు. సీరియల్ అంతవరకూ వెళ్లదు గానీ అశ్వమేధ పర్వంలో ఉంది: గుర్రం వెంట అర్జునుడు సింధుదేశం వస్తున్నాడని వినగానే ఆమె కొడుకు సురథుడు భయంతో ప్రాణం వదిలేస్తాడు, ఆమె పసివాడైన మనవణ్ణి ఎత్తుకుని నేరుగా యుద్ధం మధ్యలోకి వచ్చి అన్న ముందు నిలబడుతుంది. గాండీవం కింద పెట్టేస్తాడు అర్జునుడు. నన్నడిగితే దాని మీద ఒక ఎపిసోడ్ తీయాల్సింది.

సైంధవుడు పోయినా ఆ రోజు యుద్ధం ఆగలేదు, దివిటీలు వెలిగించుకుని రాత్రంతా కొట్టుకున్నారు, ఘటోత్కచుడు పోయింది ఆ రాత్రే. అది వచ్చే వీడియోలో.