మధ్యాహ్నం చూసిన చెరువు

అందరికీ నమస్కారం. సెలవు రోజు పొద్దున్నే చెరువు గురించి వినడానికి ఇంతమంది వచ్చినందుకు సంతోషం.

నీటి పరీక్షల పనిలో ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సార్, మా చెరువు బాగుందా, పాడైందా? ఒక్క మాటలో చెప్పండి." ఒక్క మాటలో చెప్పలేం. ముందు మేమే రెండు ప్రశ్నలు అడగాలి: ఆ నీళ్లు ఎన్ని గంటలకు తీశారు, ఎక్కడ తీశారు?

ముందు వేళ సంగతి చూద్దాం. చేప బతకాలంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు గాలి నుంచి తీసుకోగలిగేదే ఏడున్నర మిల్లీగ్రాములు. అలాంటప్పుడు మధ్యాహ్నం రెండింటికి చెరువులో మీటర్ ముంచితే 14 చూపించిందనుకోండి. చూసేవాళ్లు "అబ్బో, భలే ఉంది" అంటారు. మాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

గాలి నుంచి అంత ఆక్సిజన్ రాదు. అది నాచు చేసిన పని. మురుగు నీటితో వచ్చిన నత్రజని, భాస్వరం తిని నాచు విపరీతంగా పెరుగుతుంది. ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ విడుదల చేస్తుంది. పొద్దుగూకాక ఆ పని ఆగిపోతుంది, ఊపిరి తీసుకోవడం మాత్రం ఆగదు. నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా, చేపలు అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను రాత్రంతా వాడేస్తాయి. తెల్లవారుజామున ఐదింటికి అదే చోట మీటర్ పెడితే 1 రావచ్చు, సున్నా కూడా రావచ్చు. ఒకే చెరువు, ఒకే రోజు. ఆఫీసు వేళల్లో మాత్రమే నీళ్లు తీస్తే కాగితం మీద ఆ చెరువు ఎప్పటికీ ఆరోగ్యంగానే ఉంటుంది. అందుకే రాత్రీపగలూ ఆగకుండా కొలిచే పరికరాలు కావాలని మేం పోరుతుంటాం. అవి లేనిచోట కనీసం ప్రతిసారీ ఒకే వేళకు వెళ్లాలి, ఆ వేళ రిపోర్టులో రాయాలి.

మీటర్ చెడిపోతే పాత పద్ధతి ఉంది. హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో చెప్పింది. గాజు సీసాలో గాలి బుడగ కూడా లేకుండా నీళ్లు నింపి, గట్టు మీదే మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయొడైడ్ పోస్తాం. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. కచ్చితమైన లెక్క ల్యాబ్‌లో తేలుతుంది కానీ, ఆ తెల్లటి మడ్డి చూశామంటే సంగతి గట్టు మీదే అర్థమైపోతుంది. మా పనిలో నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇదే.

రిపోర్టులో బీఓడీ అనే మాట కూడా మీకు కనిపిస్తుంది. నీళ్లలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే లెక్క అది. మన దేశంలో సీసాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. స్నానానికి పనికొచ్చే నీటిలో అది 3 మిల్లీగ్రాములు దాటకూడదు. కాబట్టి పొద్దున నీళ్లు తీసుకెళ్లి సాయంత్రానికే బీఓడీ చెప్పేశారంటే, ఎలా చెప్పారో గట్టిగా అడగండి.

ఇక చోటు సంగతి. హుస్సేన్ సాగర్‌నే తీసుకోండి. కుతుబ్ షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించిన చెరువు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు, అంటే మురుగు మోసే కాలువలు, నాలుగూ అందులోకే వస్తాయి. నాలా కలిసే చోట తీసిన సీసా ఒకటి చెబుతుంది, పడవలో బుద్ధుడి విగ్రహం దాకా వెళ్లి తీసిన సీసా ఇంకొకటి చెబుతుంది. రెండూ నిజమే. రెండింటికీ సగటు తీసి ఒక అంకె చెబితే మాత్రం అది చెరువులో ఎక్కడా లేని నీటి లెక్క అవుతుంది.

వినాయక నిమజ్జనానికి ముందు, నిమజ్జనం రోజుల్లో, తర్వాత నీళ్లు తీసి పరీక్షించాలని మార్గదర్శకాలు ఉన్నాయి. మంచిదే. కానీ ఆ నాలుగు రోజులూ కెమెరాలన్నీ చెరువు మీదే ఉంటాయి, నాలా మాత్రం ఏడాది పొడుగునా పారుతూనే ఉంటుంది. చర్చంతా విగ్రహాల చుట్టూ తిరగడం నాలాకు బాగా కలిసొచ్చిందని నా అభిప్రాయం. ఎవరైనా నొచ్చుకుంటే తర్వాత మాట్లాడుకుందాం.

మరో ఇబ్బంది ఏమిటంటే, మనం వెతకనిది మనకు దొరకదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కంటే అది ఎక్కువ. ఆక్సిజన్, బీఓడీ, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) ఎన్నిసార్లు కొలిచినా ఈ సంగతి బయటపడేది కాదు. ఆ నీళ్లలో తట్టుకుని బతికిన బ్యాక్టీరియాకు తర్వాత ఆసుపత్రిలో అదే మందు ఇస్తే పనిచేయకపోవచ్చు.

వెతికితే మంచి సమాచారం కూడా దొరుకుతుంది. కరోనా రోజుల్లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, మరికొన్ని సంస్థలవాళ్లు హైదరాబాద్ చెరువుల్లో వైరస్ జన్యు పదార్థం కోసం చూశారు. హుస్సేన్ సాగర్, నాచారం పెద్ద చెరువు, నిజాం తలాబ్‌లలో దొరికింది. ఊరి బయటి ఎదులాబాద్, పోతురాజు చెరువుల్లో దొరకలేదు. నీళ్లలో వైరస్ పెరగలేదు, ఇళ్లలోని మురుగు చెరువులోకి వస్తోందని మాత్రం తెలిసింది.

పరికరాలేవీ లేకుండా మీరు చూడగలిగేది కూడా ఒకటుంది. వాగు అడుగు బురద జల్లెడ పట్టండి. ఎర్రటి సన్నని పురుగులే కనిపిస్తే అక్కడ ఆక్సిజన్ తక్కువని అనుమానించాలి. వాటి ఒంట్లో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టే ఎర్రగా ఉంటాయి, ఆక్సిజన్ బాగా తక్కువున్నా బతికేస్తాయి. రాళ్ల కింద రకరకాల పురుగులు ఉంటే వాగు పరిస్థితి మెరుగ్గా ఉన్నట్టే. నీళ్లు నిన్న ఎలా ఉన్నాయో సీసాలోని నీరు చెప్పదు. నెలల తరబడి అక్కడే ఉన్న పురుగు చెబుతుంది.

చివరిగా, ఎక్కువమంది అడిగిన విషయం: చేపలు తేలినప్పుడు ఏం చేయాలి? ఎండాకాలం తర్వాత తొలి వాన పడిన మర్నాడు ఇలా జరుగుతుంటుంది. రోడ్ల మీది చెత్త, నాలాల్లో పేరుకున్న మడ్డి అంతా ఒక్కసారిగా చెరువులోకి దిగుతుంది. పది గంటలకు అధికారులు వచ్చేసరికి ఎండెక్కుతుంది, నాచు మళ్లీ ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెడుతుంది, మీటర్ మామూలు అంకె చూపిస్తుంది. కాబట్టి మొదట చూసినవాళ్లు వెంటనే టైము రాసుకోండి, ఫోన్‌లో ఫొటో తీయండి. పెద్ద చేపలే పోయాయా, చిన్నవి కూడానా, ఇంకా పైకొచ్చి నోరు తెరుస్తున్నాయా అని చూసి రాయండి. మూత బిగించిన శుభ్రమైన సీసాల్లో నాలా దగ్గర ఒకటి, దూరంగా ఒకటి నీళ్లు పట్టి, అప్పుడే చచ్చిన చేపలు రెండు మూడు వేరే సంచిలో వేసి, అన్నీ ఐస్‌లో పెట్టండి. చేతులకు గ్లౌజులు మర్చిపోవద్దు. తర్వాత కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేయండి. మా వాళ్లు వచ్చాక ముందు ఆ టైము రాసిన కాగితమే అడుగుతారు.