నవ్వాలో భయపడాలో చెప్పని సినిమా

మిత్రులారా, నమస్కారం.

సినిమా ఇప్పుడే చూశారు కాబట్టి కథ చెప్పి విసిగించను. 1984లో వచ్చిన ‘గ్రెమ్లిన్స్’కి ఇవాళ విలువ కట్టాలంటే ఏం చూడాలి అన్నదే నా విషయం. ఒక్క ముక్కలో గుర్తు చేస్తాను: బిల్లీ అనే కుర్రాడికి తండ్రి చైనాటౌన్ దుకాణం నుంచి గిజ్మో అనే ముద్దు జీవిని తెస్తాడు, దాని పిల్లలు అర్ధరాత్రి తర్వాత తిండి తిని గ్రెమ్లిన్లనే చిన్న రాక్షసులై క్రిస్మస్ వేళ ఊరి మీద పడతాయి. హారర్ కామెడీ అనగానే మనం రెండు ప్రశ్నలు వేస్తాం. భయం వేసిందా? నవ్వొచ్చిందా? రెండింటికీ మార్కులు వేసి కలిపేస్తాం. ఆ లెక్కన చూస్తే దీన్ని మించి భయపెట్టినవి బోలెడున్నాయి, మించి నవ్వించినవీ ఉన్నాయి. నేను చూసేది వేరు. భయమూ నవ్వూ ఒకే క్షణంలో వచ్చి పడినప్పుడు, దర్శకుడు వెంటనే మనకో దారి చూపిస్తాడా, లేక కాసేపు అయోమయంలోనే ఉండనిస్తాడా?

జూన్ 8న అమెరికాలో ఈ సినిమాతో పాటే ‘ఘోస్ట్‌బస్టర్స్’ కూడా విడుదలైంది. అందులో దెయ్యం కనబడిన వెంటనే ఎవరో ఒకరు జోకేస్తారు, మన టెన్షన్ పోతుంది. అది హాయైన పద్ధతి, తప్పు పట్టను. ‘గ్రెమ్లిన్స్’ దర్శకుడు జో డాంటే ఆ హాయి మనకి ఇవ్వడు.

వంటింటి సీను గుర్తు చేసుకోండి. మొదటి అరగంటలో ఆ ఇల్లంతా తండ్రి కనిపెట్టిన పనికిరాని మెషీన్లతో నిండి ఉంటుంది. జ్యూస్ గోడలకి కొడుతుంది, మనం నవ్వుతాం. తర్వాత తల్లి లిన్ ఒక్కతే ఉన్నప్పుడు అదే వంటగది యుద్ధరంగం అవుతుంది. ఒక గ్రెమ్లిన్‌ని మిక్సర్‌లోకి తోస్తుంది, ఇంకోదాన్ని కత్తితో పొడుస్తుంది, మూడోదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి పేల్చేస్తుంది. వెనక క్రిస్మస్ పాట రికార్డు తిరుగుతూనే ఉంటుంది. భర్త మెషీన్లు మనుషుల మీద తిరగబడితే, మామూలు వంట సామాను ఆవిడ ప్రాణం కాపాడింది. నవ్వు కోసం వేసిన సెట్టే భయానికీ పనికొచ్చింది. క్రిస్ కొలంబస్ మొదట రాసిన స్క్రిప్టులో ఈ తల్లి చనిపోతుంది, ఆవిడ తల మెట్ల మీద దొర్లుకుంటూ వస్తుంది. అది తీసేయడం మంచిదైంది. అలా చేసుంటే ఆ తర్వాత ఎవరూ నవ్వేవారు కాదు.

అసలు పరీక్ష మాత్రం బిల్లీ స్నేహితురాలు కేట్ చెప్పే కథ. క్రిస్మస్ అంటే తనకెందుకు పడదో చెబుతుంది. తండ్రి శాంటా వేషం వేసుకుని చిమ్నీలోంచి దిగబోయి మెడ విరిగి చనిపోయాడు. రోజుల తర్వాత వాసన వస్తే గానీ తెలియలేదు. ఆఖర్న ఆమె అనే మాట ఒక పాత జోకుకి కొసమెరుపులా ఉంటుంది. కానీ ఆ పాత్ర వేసిన ఫీబీ కేట్స్ మొహంలో నవ్వు జాడే ఉండదు. స్టూడియో తీసేయమంది. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ స్పీల్‌బర్గ్‌కి కూడా నచ్చలేదు. అయినా నిర్ణయం డాంటేకే వదిలేశాడు. ఆ సీను పోయి ఉంటే ఇది బొమ్మలు అల్లరి చేసే సరదా సినిమాగా మిగిలేది, ఇవాళ మనం ఇక్కడ కూర్చునే వాళ్లమూ కాదు.

బొమ్మల సంగతికొస్తే, ఇవి రబ్బరని ఇప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. తెలియనివ్వండి. క్రిస్ వాలస్ బృందం చేసిన ఆ రబ్బరుకి బరువుంది. నటుల చేతులు నిజంగా దాన్ని పట్టుకుని పెనుగులాడతాయి. పైగా రబ్బరని తెలుసు కాబట్టే మిక్సర్ సీను కళ్లు మూసుకోకుండా చూడగలం. గిజ్మో బొమ్మ మరీ చిన్నది కావడంతో లోపలి మరలు మాటిమాటికీ చెడిపోయి యూనిట్‌ని ఏడిపించిందట. గ్రెమ్లిన్లు దాన్ని బాణాల బోర్డుకి కట్టి ఆడుకునే షాట్ యూనిట్ వాళ్ల కసి తీరడానికే పెట్టారు. మొదటి స్క్రిప్టులో గిజ్మోయే విలన్ స్ట్రైప్‌గా మారిపోతాడు. చివరిదాకా మంచివాడిగానే ఉంచమన్నది స్పీల్‌బర్గ్. దానివల్ల పిల్లలకి ఒక ఆసరా దొరికింది. మధ్యలో చాలాసేపు గిజ్మోకి పనేమీ లేకుండా పోయింది కూడా.

ఆ ముద్దు మొహం చూసే తల్లిదండ్రులు చిన్నపిల్లల్ని తీసుకెళ్లారు. సినిమాకి పీజీ రేటింగ్ ఇచ్చారు, అంటే తల్లిదండ్రుల సలహాతో పిల్లలూ చూడొచ్చని. దీనిమీద, అదే వేసవిలో వచ్చిన రెండో ఇండియానా జోన్స్ మీద గొడవ జరిగాకే జూలై 1 నుంచి పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని గట్టిగా హెచ్చరించే పీజీ-13 అనే కొత్త మెట్టు వచ్చింది. వాళ్ల కోపం న్యాయమైనదే. కాకపోతే అది సినిమా మీద కాదు, దాన్ని అమ్మిన తీరు మీద ఉండాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది థియేటర్ సీను. అంతవరకు బార్‌లో కోతికి కొబ్బరికాయ దొరికినట్టు చెలరేగిన మూక, తెర మీద డిస్నీ కార్టూన్ సినిమా ‘స్నో వైట్’ మొదలవగానే బుద్ధిగా కూర్చుని మరుగుజ్జులతో గొంతు కలిపి పాడుతుంది. వాటంత మంచి ప్రేక్షకులు అరుదు! సరిగ్గా అప్పుడే బిల్లీ, కేట్ గ్యాస్ వదిలి థియేటర్‌ని పేల్చేస్తారు. హమ్మయ్య అనుకోవాలా, పాపం అనుకోవాలా?

నాసిరకం పనులూ ఉన్నాయి. బ్యాంకులో బిల్లీని సతాయించే జెరాల్డ్ సగంలో మాయమైపోతాడు, అతని సంగతి ఎవరూ అడగరు. అర్ధరాత్రి తర్వాత తిండి పెట్టకూడదన్న రూలు ఎప్పటిదాకా వర్తిస్తుందో చెప్పరు. 1990లో తీసిన రెండో భాగంలో డాంటే స్వయంగా దాన్ని ఎగతాళి చేశాడు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

వదలలేనిది గిజ్మో పాత యజమాని, ఆ దుకాణం నడిపే మిస్టర్ వింగ్ పాత్ర. కీ లూక్ మంచి నటుడు, ఉన్నంతలో హుందాగా చేశాడు. కానీ పాత్ర అరిగిపోయిన అచ్చే: చీకటి దుకాణం, గూఢమైన చైనా ముసలాయన, వెళ్లేముందు అమెరికన్లకి ఒక హితబోధ. మరోపక్క విదేశీ సామాన్లన్నీ చెడ్డవని గొణిగే పొరుగింటి ఫటర్‌మన్‌ని చూసి సినిమా నవ్వుతుంది. తీరా ఊరిని నాశనం చేసింది మాత్రం చైనాటౌన్ నుంచి తెచ్చిన జీవి! ఫటర్‌మన్ మాట నిజమైందనుకోవాలా? తప్పు జీవిది కాదు, రూల్స్ పాటించని కొత్త యజమానులదని వింగ్‌తో చెప్పించి సరిపెట్టారు. నాకది సరిపోలేదు. ఆ రోజులు అలాంటివి అనే సమాధానం కూడా నాకు సరిపోదు. సరిపోతుందనే వాళ్లు మీలో ఉంటారని తెలుసు, మైకు అటు పంపిస్తున్నాను.