మీటర్‌లో 12.6 వోల్టులు కనిపిస్తే వైరింగ్ బాగున్నట్టేనా?

కారు రోడ్డు మీద పోతూ పోతూ ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డు మొత్తం ఆరిపోతుంది. పక్కకి ఆపి, కాసేపాగి కీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ అంతా సవ్యంగానే ఉంటుంది. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెడతారు, నిండా చార్జ్ అయిన బ్యాటరీలా 12.6 వోల్టులు చూపిస్తుంది. 'వైరింగ్ బాగుందండీ, బ్యాటరీ మార్చేద్దాం' అంటారు. కొత్త బ్యాటరీ వేశాక కొన్నాళ్లకి మళ్లీ అదే తంతు. పాత కార్ల యజమానులు ఇలా డబ్బులు పోసుకోవడం చూస్తుంటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

బావిలో నీళ్లు తోడే చేంతాడు తీసుకుందాం. ఒక చోట పురులన్నీ తెగిపోయి ఒక్క పోగు మాత్రం మిగిలింది. ఖాళీ బకెట్ కట్టి వేలాడదీస్తే చక్కగా వేలాడుతుంది. నిండు బకెట్ లాగితేనే తాడు సంగతి తెలుస్తుంది.

మీ మల్టీమీటర్ ఖాళీ బకెట్టే. మామూలు డిజిటల్ మీటర్ లోపల సుమారు 10 మెగా ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. అంటే 12.6 వోల్టుల దగ్గర అది లాగే కరెంటు ఒక మైక్రో ఆంపియర్‌కి కాస్త ఎక్కువ. రాగి వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది హాయిగా 12.6 చూపిస్తుంది. అదే వైరులోంచి హెడ్‌లైట్ బల్బు 5 ఆంపియర్ల దాకా అడుగుతుంది. సెల్ఫ్ మోటార్ అయితే 100 ఆంపియర్లు దాటేస్తుంది. తుప్పు పట్టిన టెర్మినల్ దగ్గర 0.01 ఓము అడ్డం ఉందనుకోండి, మామూలు మీటర్‌ని ఓముల్లో పెట్టి చూస్తే అది దొరకదు. కానీ 150 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడే 1.5 వోల్టులు పోతాయి.

మీటర్ తీసే ముందు ఒక్క విషయం గమనించండి. ఆగిపోయినప్పుడు ఏమేం ఆరిపోయాయి? నాకైతే దీన్ని మించిన పరీక్ష లేదు. హజార్డ్ లైట్లు, లోపలి లైటు, హారన్‌తో సహా అన్నీ పోతే బ్యాటరీ టెర్మినళ్లు, మెయిన్ ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే వైరు), ఫ్యూజిబుల్ లింక్ (కరెంటు మరీ ఎక్కువైతే కరిగిపోయే వైరు ముక్క) చూడాలి. అవన్నీ వెలుగుతూ, కీ ఆన్ చేస్తే వచ్చేవి మాత్రమే పోతే అనుమానం ఇగ్నిషన్ స్విచ్ మీదికి వెళ్తుంది. పాత స్విచ్‌లో కాంటాక్టులు అరిగిపోతాయి. బరువైన తాళాల గుత్తి కీకి వేలాడుతుంటే మరీనూ. డ్యాష్‌బోర్డులో అన్నీ ఉండి ఇంజిన్ ఒక్కటే ఆగితే ఫ్యూయల్ పంప్ రిలే (పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్), క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టేది) చూడండి.

ఇప్పుడు నిండు బకెట్ పరీక్ష. ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేయండి. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర ప్రోబ్ (మీటర్ వైరు చివరి సూది) బ్యాటరీ ప్లస్ స్తంభానికి ఆనించండి. దాని చుట్టూ బిగించిన క్లాంపుకి కాదు, సీసపు స్తంభానికే. నల్ల ప్రోబ్ సెల్ఫ్ మోటార్ పెద్ద బోల్టుకి. ఎవరినైనా కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. ఆ సమయంలో అర వోల్టుకి మించి చూపిస్తే ఆ దారిలో ఎక్కడో లోపం ఉంది.

బరువు పడ్డప్పుడు తాడు ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడే సాగుతుంది. ఆ సాగడాన్నే మనం వోల్టుల్లో కొలుస్తున్నాం. మొదట స్తంభానికీ క్లాంపుకీ మధ్య, తర్వాత క్లాంపుకీ వైరు చివరి లగ్గుకీ మధ్య, ఇలా ముక్క ముక్కగా కొలుస్తూ పోతే ఎక్కడ ఎక్కువ సాగిందో దొరికిపోతుంది.

చాలామంది ఇక్కడికే ఆపేస్తారు. తాడుకి బకెట్ ముడి ఒక్కటే కాదు కదా, గట్టు మీద స్తంభానికి కట్టిన రెండో ముడి కూడా ఉంటుంది. ఆ ముడి పేరే ఎర్త్. పాత కార్లలో సగం దయ్యాలు అక్కడే కాపురం ఉంటాయని నా గట్టి నమ్మకం. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి, నల్లది బ్యాటరీ మైనస్ స్తంభానికి పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటకూడదు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ పాడైతే కరెంటు క్లచ్ కేబుల్ లోంచో, యాక్సిలరేటర్ కేబుల్ లోంచో తిరిగి వెళ్లే దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వేడెక్కితే ఇక మీటర్ కూడా అక్కర్లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. లోపం వస్తూ పోతూ ఉంటే దాన్ని రప్పించాలి. లైట్లు వేసి ఉంచి, మీటర్‌లో మిన్ మాక్స్ (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగులు గుర్తుంచుకునే సదుపాయం) ఉంటే ఆన్ చేసి, వైరింగ్‌ని కొంచెం కొంచెంగా కదిపి చూడండి. తిరిగే ఫ్యాన్‌కి, బెల్టులకి చేతులు దూరంగా ఉంచండి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లొద్దు. వేడెక్కాకే ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతుంటే రిలే విప్పి లోపలి సోల్డర్ చూడండి. రిలే పిన్ను చుట్టూ సోల్డర్‌లో సన్నని వలయంలా పగులు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఆల్టర్నేటర్ చూడాలంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ స్తంభాల మధ్య కొలవండి. చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. నడుస్తున్న ఇంజిన్‌కి బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పద్ధతి ఇంకా కొందరు వదల్లేదు. దయచేసి అలా చేయకండి, ఆ క్షణంలో వోల్టేజ్ ఎగిసి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు.

కొత్త ఎర్త్ పట్టీ వేసేటప్పుడు మైనస్ టెర్మినల్ ముందు విప్పండి. పట్టీ ఆనే చోట పెయింటు, తుప్పు గీకేసి లోహం మెరిసేదాకా రుద్దండి. పట్టీ బిగించాక బయటి వైపు గ్రీజు రాసి, మైనస్ టెర్మినల్‌ని అన్నిటికంటే చివర్లో పెట్టండి. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టి అదే 0.2 పరీక్ష ఇంకోసారి చేయండి.