ఆదివారం కూరలో కార్జం

శ్రోతలందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గర రెండు రకాల మాటలు వినబడతాయి. "అన్నా, అరకిలో కొట్టు, నాలుగు ముక్కలు కార్జం కూడా వెయ్యి" అనేది ఒకటి. "నాకు కార్జం వద్దు, విషాలన్నీ అందులోనే పేరుకుంటాయట" అనేది రెండోది. పశువైద్యుడిగా ఉద్యోగ కాలమంతా మేకల, గొర్రెల కార్జాలు కోసి చూసినవాణ్ణి కనుక ఈ ఇద్దరితోనూ కాసేపు మాట్లాడాలనిపించింది.

ముందు రెండో ఆయనతో. కార్జం విషాల గోదాము కాదండీ. ఒంట్లోకి వచ్చిన విషాన్ని విరగ్గొట్టి, పిత్తం ద్వారానో మూత్రం ద్వారానో బయటికి పోయేలా చేయడం దాని పని. కాడ్మియం లాంటి లోహాలు మాత్రం కార్జంలో, అంతకంటే ఎక్కువగా మూత్రపిండాల్లో, వయసుతో పాటు పోగుపడతాయి. ముసలి జీవం కన్నా లేత మేక కార్జం మేలనేది అందుకే. ఇక కార్జం నిజంగా దాచుకునేవేమిటంటే విటమిన్ ఎ, బి12, ఫోలేట్, ఇనుము, రాగి.

దీని విలువ తెలిసొచ్చిన కథలో మన తెలుగువాడూ ఉన్నాడు. ఒకప్పుడు పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనత వస్తే మనిషి బతకడం కల్ల. 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ఆ రోగులకు రోజూ 120 నుంచి 240 గ్రాముల దాకా కార్జం తినిపించారు. మంచం పట్టినవాళ్ళు లేచి తిరిగారు. 1934లో విపుల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మహిమ బి12ది అని తేలడానికి 1948 దాకా పట్టింది. ఈలోగా బొంబాయిలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరు గర్భిణులకు వచ్చే మరో రక్తహీనతను ఈస్ట్ సారంతోనూ, కార్జంతోనూ తగ్గించవచ్చని చూపించారు. అక్కడ పనిచేసింది ఇందాక చెప్పిన ఫోలేట్, దాని తయారీ రూపమే ఫోలిక్ ఆమ్లం. దాన్ని అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన ఇద్దరు అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ ఆయన మనసులోంచి ఎన్నడూ పోలేదంటారు.

ఇప్పుడు మొదటి ఆయనతో. కార్జం మంచిదే, అయితే మోతాదు చూసుకోవాలి. నూరు గ్రాముల మేక కార్జంలో మనకు చాలా రోజులకు సరిపడా విటమిన్ ఎ ఉంటుంది. అది కొవ్వులో కరిగేది, ఎక్కువైతే ఒంట్లోనే నిలవ ఉండిపోతుంది. 1913 జనవరిలో అంటార్కిటికా మంచులో తిండి అయిపోయి, స్లెడ్జి లాగే కుక్కలను కార్జంతో సహా తిన్న మెర్ట్జ్ అనే యాత్రికుడు చనిపోయాడు. ఆ కార్జంలోని విటమిన్ ఎ వల్లే పోయి ఉంటాడని చాలామంది అనుమానం. మనం తినేది కుక్క కార్జం కాదు, భయపడక్కర్లేదు. వారానికోసారి నాలుగు ముక్కలు చాలు.

ఒక్క చోట మాత్రం గట్టిగా చెప్తాను. నెల తప్పిన కోడలికి రక్తం పడుతుందని అత్తగారు ప్రేమగా కార్జం వండి పెడతారు. గర్భం తొలి నెలల్లో విటమిన్ ఎ మితిమీరితే బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. బ్రిటన్‌లో గర్భిణులను కార్జం అసలు ముట్టుకోవద్దనే అంటారు. రక్తం కోసం ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలు ఉన్నాయి కదా, అవి వేసుకోమనండి. యూరిక్ యాసిడ్‌తో కీళ్ళు వాచేవాళ్ళు కూడా దీనికి దూరంగా ఉండాలి.

కొనేటప్పుడు చూడాల్సింది చెప్తాను. మంచి కార్జం నున్నగా, మెరుస్తూ, ముదురు ఎరుపు గోధుమ రంగులో ఉంటుంది. కోస్తే తెల్లటి గొట్టాలు గట్టిపడి కనిపించినా, వాటిలోంచి ఆకులా బల్లపరుపుగా ఉండే పురుగు జారినా అది కార్జపు జలగ. చెరువుల ఒడ్డున, నత్తలుండే తడి నేలల్లో మేసిన జీవాల్లో ఇది మామూలే. అలాంటి కార్జం నేనైతే కొనను. మొహమాటం లేకుండా తిరిగిచ్చేయండి.

కొవ్వు సంగతి క్లుప్తంగా. మేక కూర ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పైన మైనంలా పేరుకునేదే సంతృప్త కొవ్వు. ఆ పొర తీసేసి వేడి చేసుకుంటే సరి. కోడి కొవ్వులో అది తక్కువ. పంది కొవ్వు గురించి చెబితే చాలామంది నమ్మరు గానీ, అందులో సంతృప్త కొవ్వు కన్నా వేరుశనగ నూనెలో ఉండే తరహా కొవ్వే కాస్త ఎక్కువ. వీటన్నిటికంటే, నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వే చెడ్డది. 2022 నుంచి మన దేశంలో దాన్ని 2 శాతానికి మించనివ్వడం లేదు.

పాపం, గుడ్డు పడ్డన్ని నిందలు ఇంకేదీ పడలేదు. 1968లో అమెరికా హృద్రోగ సంఘం వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దంది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అనే పరిమితిని ఆ దేశపు ఆహార సూచికలు 2015లో తీసేశాయి. కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారుచేసేది మన కాలేయమే కనుక, చాలామందిలో ఒక గుడ్డుతో పెద్ద తేడా రాదు. షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టు వినాలి. మిగతావాళ్ళు పచ్చసొన పారేసి తెల్లసొన తింటుంటే నాకు బాధేస్తుంది. విటమిన్లు దాదాపుగా ఆ పచ్చసొనలోనే ఉన్నాయి.

పాలలో పచ్చి గుడ్డు కొట్టుకుని తాగే కుర్రాళ్ళకు ఒక మాట. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులంత బాగా పచ్చిదానివి అరగవు కూడా. పైగా వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి భయం ఒకటి. పగుళ్ళున్న గుడ్డు చవకగా వచ్చినా వద్దు. తెచ్చిన గుడ్లు కడిగి దాచకండి, పెంకు మీది సన్నపొర పోతే సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. వండబోయే ముందు కడిగితే చాలు.

ఇక మధ్యాహ్నం కార్జం వేపుడు చేసుకునేవాళ్ళు, పొయ్యి కట్టేసే ముందు అన్నిటికంటే మందంగా ఉన్న ముక్కను గరిటెతో చీల్చి చూడండి. లోపల ఎరుపు కనిపిస్తే ఇంకో నాలుగు నిమిషాలు మూత పెట్టండి.

సెలవు. నమస్కారం.